కొబ్బరికాయ కొట్టడానికి ఖతర్ వెళ్ళొచ్చాను

మా మండలంలో నా కుడిచేతికి ఒక పేరుంది. నేను కొబ్బరికాయ కొట్టిన చోట బోరు పడుతుందని. మొదట మా పొలంలోనే కొట్టాను, రెండించుల నీళ్ళు పడ్డాయి. పక్క చేనువాళ్ళు పిలిచారు, అక్కడా పడ్డాయి. ఆ తర్వాత ఎండిపోయిన బోర్లూ చాలానే ఉన్నాయి గానీ వాటిని ఎవరూ నా ఖాతాలో వెయ్యలేదు. పగలు బడిలో భూగర్భజలం బొమ్మ గీసి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, సాయంత్రానికి బోరు బండి ముందు పసుపు కుంకుమలతో నిలబడేదాన్ని. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మా తమ్ముడు గంగాధర్ ఖతర్‌లో బోరు బండి ఆపరేటర్. చమురు ధర రోజురోజుకీ పెరుగుతున్న రోజులవి. దోహా నిండా క్రేన్లు, ఎడారి నిండా కొత్త క్యాంపులు, వాటన్నిటికీ నీళ్ళు కావాలి. వాడికి వీసా ఇచ్చిన యజమానిని అక్కడ కఫీల్ అంటారు. ఆ కఫీల్ తోటలో గంగాధర్ వేసిన మొదటి బోరు ఉప్పునీళ్ళు కక్కింది, రెండోది దుమ్ము తప్ప ఏమీ ఇవ్వలేదు.

"మూడోది గూడ పోతే నన్ను బండి మీదికెల్లి దించి పారపని చేపిస్తరు అక్కా. ఒక్కసారి వచ్చి కాయ కొట్టి పో" అన్నాడు ఫోన్లో.

ఎగతాళికి అన్నాడనుకున్నాను. నెల తిరిగేసరికి విజిట్ వీసా వచ్చింది. అక్క చూడ్డానికి వస్తుందని చెబితే కఫీల్ సంతకం పెట్టాడట. వేసవి సెలవులు కావడంతో వంక చెప్పడానికి కూడా వీల్లేకపోయింది. బస్టాండులో కనబడ్డవాళ్ళంతా "టీచరమ్మ దుబాయ్ పోతున్నదట" అన్నారు. దుబాయ్ కాదు, ఖతర్ అని పదిమందికి చెప్పి, పదకొండో మనిషి దగ్గర ఊరుకున్నాను.

నాలుగు కాయలు

దోహాలో దిగగానే వేడి మొహానికి కొట్టింది. మాకు ఎండ కొత్త కాదు. కానీ మా ఎండకు నీడలో చల్లారే గుణం ఉంది, అక్కడి ఎండ నీడలోకి కూడా వెంటబడుతుంది.

నా పెట్టెను మెషిన్‌లో పెట్టి చూసిన కస్టమ్స్ అతను నన్ను పక్కకు పిలిచాడు. తెరమీద నాలుగు గుండ్రటి వస్తువులు కనబడుతున్నాయి. ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల నీళ్ళు కదిలాయి. మళ్ళీ ఊపాడు. ఇంకొకతన్ని పిలిచి అతని చెవి దగ్గర కూడా ఊపాడు. "ఎందుకు ఇవి?" అని ఇంగ్లీషులో అడిగాడు. బోరు కోసం అని చెప్పే ధైర్యం లేక పచ్చడి కోసం అన్నాను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెబుతున్నదాన్ని, కొబ్బరికాయ దగ్గర దొరికిపోయాను. అతను నవ్వి పంపేశాడు. తీరా బయటికొస్తే దోహా దుకాణాల్లో కేరళ కొబ్బరికాయలు గుట్టలుగా ఉన్నాయి, కాయ మూడు రియాళ్ళు.

అల్ మన్సూరాలో నసీమా ఇల్లు

గంగాధర్ ఉండే క్యాంపులో ఆడవాళ్ళకు చోటు లేదు. నేను దిగింది అల్ మన్సూరాలో, నసీమా ఇంట్లో. నసీమా నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్ల, కోరుట్లలో పెరిగింది. భర్త ఖలీల్ పికప్ బండి నడుపుతాడు. బోరు బండికి కావలసిన సామాను మోసేది అతనే కాబట్టి గంగాధర్‌కు బాగా దోస్తు.

రెండు గదుల ఇల్లు. కింద మలబారు హోటలు, పక్కన బట్టల దుకాణం, పైన ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయిలు. నసీమా బగారా అన్నం, ఖట్టీ దాల్ వండిపెట్టింది. ఇద్దరు బిడ్డల తల్లి అయినా నేను గదిలోకి రాగానే లేచి నిలబడుతుంది.

"కూసోవే, ఇది బడి గాదు" అన్నాను.

"అలవాటు టీచర్. మీరు చాక్‌పీస్ ఇసిరి కొడ్తరని ఇప్పటికీ భయమే" అంది.

మర్నాడు ఖలీల్ టీ తాగుదామని తీసుకెళ్ళాడు. హోటలు ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. కుర్రవాడెవరో వస్తాడేమోనని చూస్తుంటే, నా వయసున్న పెద్దమనిషి పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి కప్పులు అందించాడు. యాలకులు వేసి చిక్కగా మరిగించిన టీ, కప్పు ఒక రియాలు. అంత వయసు మనిషిని హారన్ కొట్టి పిలవడం నాకు నచ్చలేదు, ఆ మాటే అన్నాను. "ఇక్కడ గిట్లనే టీచరమ్మా, ఆయన ఏం అనుకోడు" అన్నాడు ఖలీల్. రెండో రోజు నేను దిగి లోపలికి వెళ్ళి తాగాను. ఆడమనిషి వచ్చి నిలబడేసరికి ఆ పెద్దమనిషి కంగారుపడి కప్పు ఒలకబోసుకున్నాడు. మూడో రోజు నుంచి బండిలోనే తాగాను.

శుక్రవారం, క్యాంపు

అల్ వుకైర్ అవతల రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. గదికి ఎనిమిదిమంది, మంచం మీద మంచం. గంగాధర్ బండి మీద పనిచేసే నలుగురూ మా పక్క జిల్లాల వాళ్ళే. అందులో పెద్దవాడు నర్సాగౌడ్. ఊళ్ళో తాడిచెట్టు ఎక్కి కల్లు గీసేవాడు. చెట్లు తగ్గిపోయాక ఇక్కడికి వచ్చి బోరు బండి స్తంభానికి రాడ్లు ఎక్కిస్తున్నాడు. ఎత్తంటే భయం లేదని ఆ పనికి పెట్టుకున్నారు. చెట్టెక్కే మోకు, తోలుతో పేనిన తాడు, ఊరి నుంచి పెట్టెలో తెచ్చుకున్నాడు. మంచం పైన మేకుకు వేలాడుతోంది.

"ఇక్కడ తాటిచెట్లు యాడున్నయ్ నర్సన్నా?" అన్నాను.

"లెవ్వు. అది కనబడ్తె నిద్ర పడ్తది" అన్నాడు.

పప్పుచారు, ఎండుచేపల వేపుడు, ఖుబ్బూస్ అనే మెత్తటి రొట్టె. రొట్టెలో మామిడికాయ తొక్కు పెట్టి చుట్టుకుని తింటారు. నాకు పెద్ద ముక్క వెయ్యాలని నలుగురూ పోటీపడ్డారు. ఎవరి ఇంటి తొక్కు ఎవరిదో వాసన చూసి చెప్పేస్తున్నారు.

తిన్నాక గంగాధర్ నన్ను బయటికి తీసుకెళ్ళాడు. వాడు నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్న. అమ్మ పోయినప్పుడు ఆరేళ్ళవాడు, నేనే పెంచాను. జుట్టు ముందు పలచబడింది.

"భయమైతున్నదా?" అన్నాను.

"నువ్వొచ్చినవు గదా" అన్నాడు. నా చెయ్యి ఏమీ చెయ్యలేదని వాడికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. వాడి మొహం చూస్తే మనసొప్పలేదు.

కఫీల్ తోట

దోహాకు పడమటి దిక్కున గంటన్నర ప్రయాణం. దారి పొడుగునా తెల్లటి రాళ్ళనేల, అక్కడక్కడ ఒంటెలు, పైపులు. తోట అంటే నాలుగు వరసల ఖర్జూరాలు, మేకల దొడ్డి, మోటారు గది. బోరు బండి వాటికి ఉత్తరాన, బోడి నేలలో నిలబెట్టారు. బండికి దక్షిణాన యాభై అడుగుల దూరంలో మేం కూర్చోవడానికి గుడారం. నీళ్ళు ఎక్కడున్నాయో పాయింటు చూసి చెప్పే మనిషెవరూ లేరు, కఫీల్ వేలు చూపించిన చోటే తవ్వడం.

కఫీల్ తెల్లగడ్డం ముసలాయన. చిన్న కప్పులో కాఫీ పోసి ఖర్జూరాలు పెట్టాడు. పాలు, చక్కెర లేని పచ్చటి కాఫీ. కప్పు ఖాళీ అయినప్పుడల్లా నింపుతూనే ఉన్నాడు. చాలు అనడానికి కప్పును అటూ ఇటూ ఊపాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఏడు కప్పులు తాగాక ఖలీల్ నా చెయ్యి పట్టుకుని ఊపించాడు.

పూజ చేస్తుంటే ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. వద్దనలేదు, చూడనూ లేదు. కాయ ఒక్క దెబ్బకు రెండు చెక్కలైంది, సమంగా. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. మెషిన్ మొదలయ్యేటప్పుడు ఆయన బిస్మిల్లా అన్నాడు, కారెక్కి వెళ్ళిపోయాడు.

"అగరుబత్తులు ఆరనియ్యకు అక్కా" అని గంగాధర్ లివర్ల దగ్గరికి వెళ్ళాడు. గుడారం ముందు ఇసుకలో అరటిపండు నిలబెట్టి దానికి అగరుబత్తులు గుచ్చాను. ఆరినప్పుడల్లా కొత్తవి ముట్టించాను. మూడు కట్టలు అయ్యాయి. తెల్లదుమ్ము తప్ప ఏమీ రాలేదు. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. మధ్యాహ్నం దాటింది.

పద్దెనిమిదో రాడ్డు

మొదట కాళ్ళ కింద నేల అదిరింది. తర్వాత పెద్ద ఈలలాంటి శబ్దం. ఆ వెంటనే బండి స్తంభం కన్నా ఎత్తుకు తెల్లటి బురద లేచింది, దానితోపాటు రాళ్ళు. రాళ్ళు బండి రేకుల మీద పడి మోగాయి. అగ్నిపర్వతం బొమ్మను ఏటా బోర్డు మీద గీసేదాన్ని, పైనుంచి గొడుగులా పడే గీతలు గీసి ఇది లావా అనేదాన్ని. సరిగ్గా ఆ గీతలే నా ఎదురుగా పడుతున్నాయి. నిప్పు లేదు, అంతే తేడా.

"పడ్డయ్! గంగమ్మ పడ్డది!" అని అరిచారు మావాళ్ళు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. వేరే దేశం వాళ్ళెవరైనా అయితే అది చూసి పారిపోయేవాళ్ళు. మేం దానివైపు పరుగెత్తాం. మా దగ్గర బోరు పడితే అందరూ ఉరుకుతారు. ఆ మొదటి నీళ్ళు నెత్తిన పడాలి. కొత్త చొక్కా వేసుకున్నవాడు కూడా బురదలో తడిసి ఇంటికి పోతాడు. ఏళ్ళ తరబడి ఎండిన కళ్ళకు అది పండగ. నేనూ పరుగెత్తాను, యాభై రెండేళ్ళ వయసులో, చీర కుచ్చిళ్ళు పట్టుకుని.

బురద మా మీద పడుతోంది. కుళ్ళిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది. నాలుగడుగులు వేసేసరికి వాసన పోయింది. హమ్మయ్య అనుకున్నాను. అదే తప్పు అని తర్వాత తెలిసింది. వాసన పోలేదు, వాసన తెలిసే శక్తి పోయింది.

గంగాధర్ లివర్ల దగ్గర రెండు చేతులూ పైకెత్తి నావైపు తిరిగి నవ్వాడు. అలా నవ్వుతూనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మావాళ్ళలో అందరికన్నా ముందు పరుగెత్తిన కుర్రాడు తూలి వెనకవాడి మీద పడ్డాడు. మెషిన్ దానంతటదే ఆగిపోయింది.

నాకు పదేళ్ళప్పుడు మా ఊళ్ళో ఎండిపోయిన బావిలో పూడిక తీయడానికి ఒకతను దిగాడు. దిగి పడిపోయాడు. అతన్ని తీయడానికి రెండో మనిషి దిగాడు. అతనూ లేవలేదు. మూడోవాడు మా మేనమామ. గట్టు మీద జనం "పో, పట్టు, లేపు" అని అరుస్తూనే ఉన్నారు. ముగ్గురినీ సాయంత్రం కొక్కేలతో పైకి తీశారు. దిగొద్దని ఆ రోజు ఒక్కరు కూడా అనలేదు.

వెనక్కి తిరిగి చూశాను. గుడారం ముందు అగరుబత్తి పొగ నేలకు సమంగా పడుకుని దక్షిణానికి పోతోంది. గాలి బోరు మీదుగా మావైపు వస్తోంది. మేం నిలబడింది దాని దారిలోనే.

రెండు చేతులూ చాపి మావాళ్ళకు అడ్డం నిలబడ్డాను.

"ఆగుండ్రి! ఎవ్వలు పోవద్దు! పక్కకు ఉరుకుండ్రి, ఖలీల్ బండి దిక్కు!"

"గంగన్న పడ్డడు టీచరమ్మా! ఇడువు!" అని నర్సాగౌడ్ నన్ను తోశాడు. అతని చొక్కా పట్టుకుని లాగాను. కాలర్ చిరిగింది.

"నీ తమ్ముడే గాదా?" అని అరిచాడు నా మొహంలో మొహం పెట్టి.

"నా తమ్ముడే. నేను చెప్తున్న. పోవద్దు."

ఆ మాట నేనే అన్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. తమ్ముడు ముప్పై అడుగుల దూరంలో మట్టిలో పడి ఉన్నాడు. నేను వాడికి వీపు పెట్టి, వాడి దగ్గరికి పోయేవాళ్ళను ఆపుతున్నాను.

మోకు

తూలినవాణ్ణి ఈడ్చుకుంటూ గాలికి అడ్డంగా తూర్పుకు పరుగెత్తాం. అక్కడినుంచి ఖలీల్ పికప్ ఎక్కి చుట్టు తిరిగి ఉత్తరం వైపుకు వచ్చాం. అక్కడ గాలి మా వీపుకు తగులుతోంది. బురద ఇంకా లేస్తూనే ఉంది, కానీ అటువైపు పడుతోంది. పిడికెడు దుమ్ము తీసి తూర్పారబట్టేటప్పుడు వదిలినట్టు వదిలాను. నేరుగా బోరువైపు పోయింది.

"ఇప్పుడు పోవచ్చు. ఒక్కడే. తాడు కట్టుకోని, ఊపిరి బిగబట్టి" అన్నాను.

నర్సాగౌడ్ అప్పటికే పికప్ వెనకనుంచి మోకు తీస్తున్నాడు. కాయ కొట్టే రోజు కదా, పనిముట్టుకు కూడా కుంకుమ పెట్టించుకుందామని తెచ్చుకున్నాడట. దానికి బండి తాడు ముడేసి, మోకు నడుముకు బిగించుకున్నాడు. చెట్టు మీద పడకుండా వేసే ముడి, చెయ్యి వదిలినా జారదు. ఖలీల్ బండిని వెనక్కి నడిపి ఎంత దగ్గరికి వీలైతే అంత దగ్గరికి తెచ్చాడు. నర్సాగౌడ్ గుండెల నిండా గాలి పీల్చి దిగాడు.

నేను పైకే లెక్కపెట్టాను. ఇరవై దగ్గర గంగాధర్‌ను చేరాడు. వాడి చొక్కా లివర్‌కు తట్టుకుంది. ముప్పై దగ్గర ఇంకా లాగుతున్నాడు. ముప్పై అయిదు దగ్గర "లాగుండ్రి" అన్నాను. ఒక్క నర్సాగౌడే వచ్చాడు. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి, దగ్గుతున్నాడు.

ఇంకొకరు పోతామన్నారు. అతను తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ గాలి పీల్చి వెళ్ళాడు. ఈసారి మోకు విప్పి గంగాధర్ చంకల కింద వేసి బిగించాడు, తను తాడు పట్టుకున్నాడు. ముప్పైకి చెయ్యెత్తాడు. అందరం కలిసి లాగాం. రాళ్ళ మీద ఈడ్చుకుంటూ వచ్చాడు నా తమ్ముడు, వీపంతా గీరుకుపోయి. మొహం నీలంగా ఉంది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి.

వాణ్ణి బండిలో వేసుకుని గాలికి ఎదురుగా చాలా దూరం పోయి ఆపాం. ఖలీల్ వాడి ఛాతీ మీద నొక్కాడు, నోట్లోకి ఊదాడు. "యల్లా భాయ్, యల్లా, సాఁస్ లే" అని, ఊపిరి తీసుకొమ్మంటూ ఏడుస్తున్నాడు. నేను ఏడవలేదు. వాడి పాదాలు పట్టుకుని కూర్చున్నాను, అంతే. గంగాధర్ ఒక్కసారి ఎగిరిపడి ఖలీల్ ఒళ్ళంతా వాంతి చేసుకున్నాడు. ఖలీల్ వాడి నుదుటి మీద ముద్దు పెట్టాడు. అప్పుడు ఏడ్చాను.

ఫోన్ చేసిన అరగంటకు అంబులెన్సు, ఆ వెనక మొహానికి ముసుగులు వేసుకున్న మనుషులూ వచ్చారు.

ఆస్పత్రి

గంగాధర్ మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. నర్సాగౌడ్ ఒక రోజంతా వెలుతురు చూడలేక కళ్ళకు గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. నసీమా రోజూ గంజి, నిమ్మకాయ ఊరగాయ పంపేది. కఫీల్ నారింజపళ్ళ పెట్టె మోసుకుని వచ్చి మంచం పక్కన గంటసేపు కూర్చున్నాడు. బోరు సంగతి ఎత్తనేలేదు. వెళ్ళేటప్పుడు గంగాధర్ తల నిమిరాడు.

బోరును సిమెంటుతో మూయించిన ఇంజనీరు, మలయాళీ, నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నాకు అర్థమైనంతవరకు చెబుతాను. కింద ఉప్పునీళ్ళతోపాటు గంధకపు వాయువు ఒత్తిడి మీద ఉంది. అది గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. పొగ చూసి గాలి కనిపెట్టానని మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మందలించాడు.

"ఆ వాయువు మండుతుంది టీచర్. మీ అగరుబత్తి నిప్పుకు అంటుకుని ఉంటే ఒక్కరూ మిగిలేవాళ్ళు కాదు. గాలి చూడాలంటే కర్రకు గుడ్డ కట్టండి."

ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ విద్యార్థినై తల వంచుకుని విన్నాను.

తిరుగు ప్రయాణం

విమానాశ్రయానికి పికప్‌లో వెళ్ళాం. ఖలీల్ నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక సీట్లో గంగాధర్, నర్సాగౌడ్. అల్ తుమామా దాటుతుండగా గంగాధర్ గొంతు సవరించుకున్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అక్కా, నాకు పూర్తిగ సోయి పోలే అప్పుడు. పడ్డంక గూడ నువ్వు కనబడ్డవు. పచ్చ చీర కట్టుకోని, రెండు చేతులు చాపి. అందర్ని పిలుస్తున్నది మా అక్క, వస్తున్నరు అనుకున్న. గదే ధైర్యం."

నేను అద్దంలో నర్సాగౌడ్ వైపు చూశాను. అతను కిటికీలోంచి క్రేన్లు చూస్తున్నాడు. చిరిగిన కాలర్‌కు ఎర్ర దారంతో కుట్లు వేసుకున్నాడు.

"ఔ" అన్నాను. బురద మరకలు పోని ఆ చీరను నసీమా ఇంట్లోనే వదిలేసి వచ్చాను.

ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న, దుబాయ్‌లో నీళ్ళు పడ్డాయా అని. పడలేదని చెప్పాను. ఇదంతా మాత్రం రాసి ఒక ప్రతి గంగాధర్‌కు పంపాను. పైన మీరు చదివిందంతా, చేతులు ఎందుకు చాపానన్నదీ దాచకుండా. పంపాక పది రోజులు ఫోన్ రాలేదు. వాడు రోజు విడిచి రోజు ఫోన్ చేసే మనిషి. అన్నం సయించలేదు నాకు.

పదకొండో రోజు పొద్దున మోగింది. వెనక బోరు బండి చప్పుడు.

"చదివిన అక్కా" అన్నాడు.

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"కఫీల్ నన్ను బండి మీదికెల్లి దించలే. కొత్త బోరు మొదలుపెడ్తున్నం. నీ పచ్చ చీర నసీమక్క దగ్గర తెచ్చుకున్న. కొంగు చింపి రాడ్డు మీద కట్టినం. దక్షిణం దిక్కు ఎగురుతున్నది. మేమందరం ఉత్తరానికి నిలబడ్డం. నర్సన్న అందరికంటె ముందర నిలబడ్డడు. చేతులు చాపుకోని."

"నువ్వో?" అన్నాను.

"నేను ఆయన ఎనుక ఉన్న అక్కా. దాటిపోను."